వెండి నిజం, సంవత్సరం అబద్ధం: 1904 రూబుల్ అని వచ్చిన ఒక నాణెం కేసు

పాత నాణేలు అసలువో నకిలీవో తేల్చడం నా పని. ఈసారి పరీక్షకు వచ్చినవి అయిదు రష్యన్ నాణేలు. తెచ్చింది రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్న ఖమ్మం వైపు అమ్మాయి, వెంట వాళ్ల నాన్న. సెలవులకు ఇంటికి వచ్చే ముందు అక్కడి ఒక పాత సామాన్ల సంతలో ఒకే మనిషి దగ్గర అయిదూ కొన్నదట. నాలుగు సరదాకి కొన్నవి. అయిదోదాని మీద మాత్రం ఇంటిల్లిపాదికీ ఆశ పుట్టింది. అది 1904 సంవత్సరం వెండి రూబుల్. ఆ సంవత్సరం నాణేలు ఎంత ధర పలుకుతున్నాయో ఫోన్‌లో చూసి, రేపు పీజీ ఫీజుకు ఇదే అక్కరకొస్తుందని నాన్నగారు లెక్క కూడా వేసుకున్నారు.

ఈ కేసు మొత్తం రాయాలని ఎందుకనిపించిందంటే, పాత నాణెం చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని తెలిసిన నగల షాపుకు తీసుకెళ్లి టచ్, అంటే లోహం ఎంత స్వచ్ఛమో, చూపించడం. టచ్ సరిగ్గా వస్తే నాణెం అసలుదే అనుకుంటారు. వీళ్లూ అదే చేశారు. హాల్‌మార్కింగ్ సెంటర్లో మెషీన్ కింద పెడితే వెండి తొంభై శాతం అని వచ్చింది. ఆ స్లిప్ జాగ్రత్తగా మడిచి నా దగ్గరకు తెచ్చారు. మెషీన్ చెప్పింది తప్పు కాదు. కానీ ఆ మెషీన్‌కు లోహం గురించి చెప్పడం వచ్చుగానీ సంవత్సరం గురించి చెప్పడం రాదు.

ముందే తేలిపోయినవి

మొదటిది 1825 అని ఉన్న కాన్‌స్తాంతీన్ రూబుల్. దీని చరిత్ర తెలిసినవాళ్లకు పరీక్ష అక్కర్లేదు. 1825 చివర్లో రష్యా చక్రవర్తి (జార్) ఒకటో అలెగ్జాండర్ తగన్‌రోగ్‌లో చనిపోయాడు. తర్వాత రాజు తమ్ముడు కాన్‌స్తాంతీన్ అని అందరూ అనుకున్నారు. వార్సాలో ఉన్న ఆయన సింహాసనం వద్దని అంతకుముందే రాసిచ్చాడు, కానీ ఆ సంగతి చాలా కొద్దిమందికే తెలుసు. ఆ అయోమయం మధ్య సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాలలో కాన్‌స్తాంతీన్ బొమ్మతో నమూనా నాణేలు తయారయ్యాయి. చివరికి ఇంకో తమ్ముడు నికొలాయ్ గద్దెనెక్కాడు. డిసెంబరులో తిరుగుబాటు జరిగింది, దాన్ని అణిచేశారు. ఆ నాణేలనూ అచ్చులనూ ఆర్థిక మంత్రి కాంక్రిన్ బయటికి పొక్కకుండా దాచేశాడు. పక్క అంచు మీద రాత ఉన్నవి లోకం మొత్తం మీద అయిదే తెలుసు. రాత లేని సాదా అంచువి మరో మూడు. అలాంటి నాణెం సంతలో గుడ్డ పరిచి అమ్మే చోట దొరకదు.

అయినా పద్ధతి ప్రకారం కాటాలో పెట్టాను. 1886కు ముందరి వెండి రూబుల్ బరువు 20.73 గ్రాములు ఉండాలి. ఇది 17.4 గ్రాములు తూగింది. పక్క అంచు మీద రాతకు బదులు మామూలు గాట్లు ఉన్నాయి. రాగి, నికెల్ కలిసిన సావనీర్ ముక్క. ఈ నాణేనికి 19వ శతాబ్దంలోనే సేకరణకర్తలను మోసగించే నకిలీలు తయారయ్యాయి కాబట్టి ఈ తాపత్రయం కొత్తదేం కాదు. ఈ ముక్కలో మాత్రం మోసం చేసే నేర్పు కూడా లేదు.

రెండోది 1898 రూబుల్, రెండో నికొలాయ్ బొమ్మతో. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇది అసలుదే అయి ఉంటుందని అమ్మాయి నమ్మకం. చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇత్తడికీ అయస్కాంతం అంటదు, రాగికీ అంటదు. అంటుకుంటే అది వెండి కాదని గట్టిగా చెప్పొచ్చు. అంటుకోకపోతే ఇంకా ఏమీ తేలనట్టే. బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని ఏటవాలుగా పట్టిన నాణెం మీద జారవిడిస్తే కొంత మెరుగైన సమాధానం వస్తుంది. వెండి విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి అయస్కాంతం దాని మీద నెమ్మదిగా, ఎవరో పట్టి ఆపుతున్నట్టుగా జారుతుంది. ఈ నాణెం మీద అది జర్రున జారిపోయింది.

తర్వాత నీళ్లలో తూచాను. ఇది ఇంట్లో కూడా చేసుకోగలిగిన పరీక్ష. 0.01 గ్రాము వరకు చూపించే చిన్న కాటా, ఒక గ్లాసు నీళ్లు, సన్నటి దారం ఉంటే చాలు. ముందు నాణేన్ని పొడిగా తూచాలి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి, కాటాను సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో నీళ్లలో అడుగుకు తగలకుండా వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపించే అంకెతో పొడి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. తొంభై శాతం వెండి, పది శాతం రాగి ఉన్న లోహానికి అది దాదాపు 10.3 రావాలి. ఈ 1898 నాణెం పొడి బరువు 16.9 గ్రాములు, నీళ్లలో అంకె 1.99. అంటే 8.5. ఇత్తడి మీద వెండి పూత. అంచు మీద రాత లేనే లేదు. పైగా రాజు గడ్డం కింద ఒక చిన్న గుంట ఉంది. సరిగ్గా అదే గుంట, అదే చోట, వేరే సంవత్సరాలు వేసిన కాపీల మీద కూడా నేను చూసి ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ఒక దెబ్బ తిన్న నాణెం నుంచి అచ్చు తీసి, సంవత్సరం మాత్రం మార్చుకుంటూ కొడుతున్నారన్నమాట. రెండు వేర్వేరు సంవత్సరాల నాణేలకు ఒకే చోట ఒకే దెబ్బ తగలడం జరగదు. ఈ రకం వస్తే నేను బరువు కంటే ముందు ఆ ఫొటోలే తెరుస్తాను.

అసలువి రెండు

మూడోది రెండో కేథరిన్ కాలపు 5 కోపెక్‌ల (కోపెక్ అంటే రూబుల్‌లో నూరో వంతు) రాగి నాణెం, 1787, యెకతెరిన్‌బర్గ్ టంకశాల అక్షరాలతో. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఆ కాలంలో ఒక పూద్ రాగికి 16 రూబుళ్ల చొప్పున నాణేలు కొట్టేవారు. పూద్ అంటే 16.38 కిలోలు. 16 రూబుళ్లంటే 320 అయిదు కోపెక్‌ల నాణేలు, అంటే ఒక్కోటి 51 గ్రాములకు కాస్త ఎక్కువ. అదే లెక్కన రాగితో ఒక రూబుల్ కొడితే కిలో దాటుతుంది. 1770, 1771లలో సెస్త్రోరెత్స్క్‌లో నిజంగానే అలాంటి రాగి రూబుళ్లు కొట్టి చూశారు. ఈ నాణెం 49.6 గ్రాములు తూగింది. రాగి నాణేల బరువు విషయంలో అప్పటి టంకశాలలు అంత పట్టింపుగా ఉండేవి కావు కాబట్టి ఈ తేడా నన్ను కలవరపెట్టలేదు. పక్క అంచు మీద వల అల్లినట్టుండే గీతలు చుట్టూ సమంగా ఉన్నాయి, పోత పోసిన గుర్తుగా అతుకు గీత ఎక్కడా లేదు, అక్షరాల మొదళ్లు పదునుగా ఉన్నాయి. అసలుదే. మామూలుగా దొరికేదే.

1787 సంవత్సరం కనబడితే నేను కిరీటాన్ని కాస్త ఎక్కువసేపు చూస్తాను. 1788లో స్వీడన్ రాజు మూడో గుస్తావ్ రష్యా మీద యుద్ధానికి దిగాడు. ఆ యుద్ధం రోజుల్లో స్వీడన్‌లోని అవేస్తా టంకశాలలో రష్యన్ 5 కోపెక్‌ల నాణేలకు దొంగ నకళ్లు కొట్టారు. లోహం మంచి రాగే, పనితనమూ టంకశాలదే. కానీ అచ్చు చెక్కిన మనిషి చెయ్యి తనకు అలవాటైన కిరీటాన్నే చెక్కింది. రష్యన్ సామ్రాజ్య కిరీటం రెండు భాగాలుగా చీలినట్టు ఉంటుంది. స్వీడిష్ నకలు మీద మామూలు రాజ కిరీటం కనిపిస్తుంది. ఈ నకళ్లకు ఇవాళ సేకరణకర్తల్లో ప్రత్యేకమైన గిరాకీ ఉంది. మన అమ్మాయి నాణెం మీద ఉన్నది రష్యన్ కిరీటమే.

అసలుకూ నకిలీకీ మధ్య మూడో జాతి ఒకటి ఉంది, రష్యన్ నాణేలు చూసేవాళ్లు దాన్ని మర్చిపోకూడదు. దాన్ని నొవొదెల్ అంటారు. సంపన్న సేకరణకర్తల కోరిక మీద, పాత అచ్చులతోనో కొత్తగా చెక్కిన అచ్చులతోనో, పాత సంవత్సరాలు వేసి టంకశాలే మళ్లీ కొట్టి ఇచ్చిన నాణేలివి. 1890లో ఈ పద్ధతి ఆగింది. ఇవి చలామణీలో తిరిగినవి కావు, అలాగని దొంగ నాణేలూ కావు. సోవియట్ కాలంలో కూడా ఇలాంటిదొకటి జరిగింది. 1714 నాటి గంగుత్ నౌకాయుద్ధం జ్ఞాపకంగా 1914లో వచ్చిన రూబుల్‌ను పాత అచ్చులతో 1927లో సేకరణకర్తల కోసం మళ్లీ కొట్టారు. అందుకే అరుదైన రష్యన్ నాణెం మీద రిపోర్టు రాసేటప్పుడు 'అసలు' అన్న ఒక్క మాటతో సరిపెట్టను. ఏ టంకశాల, ఎప్పుడు కొట్టింది అన్నది కూడా రాస్తాను.

నాలుగోది 1913 రూబుల్. రొమనోవ్ వంశం గద్దెనెక్కి మూడు వందల ఏళ్లయిన సందర్భంగా వచ్చింది. రెండో నికొలాయ్, ఆయన వెనక వంశంలో మొదటి జార్ మిఖాయిల్, ఇద్దరి బొమ్మలూ ఉంటాయి. బొమ్మ చదునుగా, అరిగిపోయినట్టు ఉందని నాన్నగారికి దీని మీదే ఎక్కువ అనుమానం. నిజానికి ఈ నాణేల్లో బొమ్మ బాగా ఎత్తుగా వచ్చినవీ ఉన్నాయి, చదునుగా వచ్చినవీ ఉన్నాయి, రెండూ టంకశాలవే. బరువు 19.93 గ్రాములు, సాంద్రత 10.3. అంచు మీద రాత, ఆ రాత చివర అప్పటి అధికారి విక్తర్ స్మిర్నోవ్ పొడి అక్షరాలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పది లక్షలకు పైగా కొట్టిన నాణెం కాబట్టి అరుదేమీ కాదు, కానీ చక్కటి నాణెం.

దీని విషయంలో నాకు బాధ కలిగించింది వేరే సంగతి. ఇంట్లో వెండి కుందులు తోమినట్టు దీన్ని విభూతితో తోమారు. భూతద్దంలో చూస్తే రాజు చెంప మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు అటూ ఇటూ ఉన్నాయి. నూరేళ్లుగా పట్టిన ఆ ముదురు ఛాయే పాత వెండి నాణేనికి అందం, అదే దాని వయసుకు సాక్ష్యం. దయచేసి పాత నాణేలను విభూతితో గానీ చింతపండుతో గానీ పళ్లపొడితో గానీ తోమకండి. గీటురాయి మీద గీయనివ్వకండి. ఆసిడ్ చుక్క వేయనివ్వకండి. నగ కరిగించి మళ్లీ చేసుకునేది, దానికి గీటురాయి తగులుతుంది. నాణేనికి ఒక్క గీటు పడినా అది జన్మంతా ఉంటుంది.

అయిదోది

ఇక 1904. రెండో నికొలాయ్ కాలపు రూబుళ్లు 1895 నుంచి 1915 వరకు వచ్చాయి. సెర్గేయ్ విత్తె ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, 1897లో రూబుల్‌ను బంగారానికి ముడిపెట్టాడు. ఆ సంస్కరణ రోజుల్లో నోట్ల చోట నాణేలు దింపడానికి వెండి రూబుళ్లు కుప్పలుగా కావలసి వచ్చాయి. సొంత టంకశాల చాలక పారిస్‌లో, బ్రస్సెల్స్‌లో కూడా కొట్టించారు. పారిస్ వాటి అంచు మీద ఒక నక్షత్రం, బ్రస్సెల్స్ వాటి అంచు మీద రెండు నక్షత్రాలు ఉంటాయి. 1898 ఒక్క ఏడాదే పీటర్స్‌బర్గ్‌లో కోటీ ఎనభై లక్షలకు పైగా కొట్టారు. అవసరం తీరాక సంఖ్య పడిపోయింది. 1901లో ఇరవై ఆరు లక్షల దాకా వచ్చిన రూబుల్ 1904కు వచ్చేసరికి సుమారు 12 వేలే. అందుకే ఆ ఒక్క అంకె మీద అంత ధర, అందుకే ఆ అంకె మీదే మోసగాళ్ల కన్ను.

నాణెం చేతిలోకి తీసుకోగానే మంచి అభిప్రాయమే కలిగింది, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. బరువు 19.87 గ్రాములు. ఈ రూబుల్ అంచు మీదే దాని లెక్క రాసి ఉంటుంది: స్వచ్ఛమైన వెండి 4 జొలోత్నిక్‌లు 21 దోల్యాలు అని. జొలోత్నిక్ అంటే 4.266 గ్రాములు, అందులో 96వ వంతు దోల్యా. లెక్క కడితే స్వచ్ఛమైన వెండి దాదాపు 18 గ్రాములు, తొంభై శాతం టచ్ కాబట్టి మొత్తం నాణెం 20 గ్రాములు. చేతులు మారి అరిగిన నాణేనికి 19.87 న్యాయమైన బరువు. అడ్డకొలత 33.6 మిల్లీమీటర్లు, అదీ సరే. నీళ్లలో తూస్తే అంకె 1.93 వచ్చింది, సాంద్రత 10.3. బొమ్మను నిటారుగా పట్టుకుని నాణేన్ని కింది నుంచి పైకి తిప్పితే వెనక వైపు రెండు తలల డేగ కూడా నిటారుగానే వచ్చింది. రష్యన్ సామ్రాజ్యపు రూబుల్ అలాగే ఉండాలి. కొన్ని కాపీల్లో ఇక్కడే పట్టుబడతారు.

వాళ్లు తెచ్చిన హాల్‌మార్కింగ్ సెంటర్ ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో లోహాలను గుర్తించే మెషీన్) స్లిప్‌లో వెండి తొంభై శాతానికి కొంచెం ఎక్కువ చూపించింది. అది కూడా అనుమానించాల్సింది కాదు. వెండి, రాగి కలిసిన పాత నాణేల్లో పై పొరలో రాగి తగ్గి వెండి కాస్త ఎక్కువగా కనిపించడం మామూలే, ఆ మెషీన్ చూసేది పై పొరనే. స్లిప్‌లో సీసం, బంగారం జాడ కూడా రవ్వంత ఉంది. నేటి శుద్ధి చేసిన వెండిలో సాధారణంగా అవి కనబడవు. అంటే ఇది పాత వెండి. కొత్తగా వెండి కరిగించి కొట్టిన నకిలీ కాదు.

అక్షరాల మధ్య, చెయ్యి తగలని మూలల్లో అచ్చు దెబ్బకు లోహం పరుచుకున్నప్పుడు వచ్చే సన్నటి మెరుపు గీతలు కూడా ఉన్నాయి. పోత నాణేనికి అవి రావు. ఇక్కడితో పరీక్ష ఆపేసి ఉంటే ఎవరైనా దీన్ని అసలు 1904 రూబుల్ అనే రాసిచ్చేవారు.

అప్పుడు నాణేన్ని నిలబెట్టి అంచు చదవడం మొదలుపెట్టాను. నా అనుభవంలో రష్యన్ రూబుల్ విషయంలో బొమ్మా బొరుసూ కంటే ఎక్కువ మాట్లాడేది ఈ పక్క అంచే. బొమ్మ మీద మోసగాడు శ్రద్ధ పెడతాడు, కొనేవాడూ దాన్నే చూస్తాడు. అంచు వైపు ఇద్దరి చూపూ పోదు. నికొలాయ్ రూబుల్ అంచు మీద రాత లోపలికి దిగి ఉంటుంది. దాని చివర, బరువుకూ టచ్‌కూ జవాబుదారీగా ఉన్న టంకశాల అధికారి పొడి అక్షరాలు ఉంటాయి. 1899 దాకా అపొలోన్ గ్రాస్‌గోఫ్. 1899 నుంచి 1901 దాకా ఫెలిక్స్ జాలెమన్. 1901 నుంచి 1905 దాకా అలెక్సాందర్ రెద్కో. ఎలికుమ్ బబాయంత్స్ అక్షరాలు 1899లో కొన్నిటి మీదా, మళ్లీ 1906 నుంచి 1913 దాకానూ కనిపిస్తాయి. ఆ తర్వాత విక్తర్ స్మిర్నోవ్. ఈ వరుస ఒకటి గుర్తుంటే రూబుల్ పరీక్షలో సగం పని అయిపోతుంది.

రష్యన్ చదవడం రాకపోయినా ఈ అక్షరాలు గుర్తుపట్టొచ్చు. రెద్కోవి చూడటానికి ఇంగ్లీషు ఏ, పీ లాగే ఉంటాయి. జాలెమన్‌వి అయితే మొదటిది సున్నాను నిలువుగా ఒక గీత కోసినట్టు, రెండోది అంకెల్లో మూడు లాగా ఉంటుంది. 1904 నాణెం మీద రెద్కో ఉండాలి. ఈ నాణెం అంచు మీద సున్నాను కోసిన గీత, దాని పక్కన మూడు. జాలెమన్.

అమ్మాయికి భూతద్దం ఇచ్చి చూపించాను. ఆమెకు రష్యన్ వచ్చు కాబట్టి నేను చెప్పకుండానే చదివింది. "అయితే ఏమవుతుంది సార్?" అంది.

ఒక్క అంచు చూసి నాణేన్ని నకిలీ అనడం తొందరపాటు. రష్యన్ టంకశాలలో అంచు రాతను నాణెం కొట్టే ముందే, ఖాళీ బిళ్లల మీద వేరే యంత్రంతో వేసేవారు. రాత వేసిన బిళ్లలు ఏడాది చివర మిగిలిపోతే మరుసటి ఏడాది అచ్చు కింద పడే అవకాశం ఉంది. అధికారి మారిన ఏడాదో, ఆ పక్క ఏడాదో అలాంటి కలగలుపు జరిగిందంటే నేను కొట్టిపారేయను. కానీ జాలెమన్ అక్షరాలు 1901తో ఆగిపోయాయి. మధ్యలో రెండు పూర్తి సంవత్సరాలు రెద్కో అక్షరాలతో రూబుళ్లు వచ్చాయి. అన్నేళ్లూ ఒక మూల పడి ఉన్న బిళ్ల సరిగ్గా అతి తక్కువ కొట్టిన 1904 అచ్చు కిందికే వచ్చిందంటే నమ్మడం కష్టం. ఆ నమ్మకం కుదరాలన్నా, చెదరాలన్నా చూడాల్సిన చోటు ఒక్కటే: ఆఖరి అంకె.

యూఎస్‌బీ మైక్రోస్కోప్ కింద పెట్టి, లైటును దాదాపు నాణెం మట్టానికి దించి పక్క నుంచి వేశాను. పై నుంచి లైటు పడితే అన్నీ బాగానే కనిపిస్తాయి. పక్క నుంచి పడినప్పుడే ఎత్తుపల్లాలకు నీడ వస్తుంది. 1, 9, 0 చుట్టూ నేల చదునుగా ఉంది. 4 చుట్టూ నేల పల్లంగా, తవ్విన జాగాలా కనిపించింది. ముఖ్యంగా 4 ఎడమ వైపు, ఏటవాలు గీతకు పక్కనే ఒక చిన్న పల్లం, అందులో ఉలి మొన జారిన సమాంతర గీతలు. మిగతా అంకెల మొదళ్ల దగ్గర లోహం ఒక్క దెబ్బకు లేచినట్టు నున్నగా ఉంది. 4 అడ్డగీత మొదట్లో లోహం మడతపడి, నేలకూ అంకెకూ మధ్య సన్నటి చీలిక కనబడింది. 4 నిలువు గీత మాత్రం ఎంతో శుభ్రంగా, పదునుగా ఉంది. దాని మందాన్ని, ఎత్తును, కింది పాదాన్ని సంవత్సరంలోని మొదటి 1తో పోల్చి చూశాను. రెండూ ఒకటే. అది పుట్టినప్పుడు 4 కాదు, 1.

జరిగింది ఇదీ. జాలెమన్ అక్షరాలున్న అసలైన 1901 రూబుల్ ఒకటి తీసుకున్నారు. ఆఖరి 1ని అలాగే ఉంచి, దాని పక్కనున్న లోహాన్నే ఉలితో నెట్టి పైకి లేపి ఏటవాలు గీత, అడ్డగీత తీర్చారు. బయటి నుంచి లోహం తెచ్చి అతకలేదు కాబట్టి రంగు తేడా రాలేదు, బరువు తగ్గలేదు, టచ్ మారలేదు. వేలంపాటల్లో అమ్ముడైన నిస్సందేహమైన 1904 రూబుళ్ల ఫొటోలు పక్కన పెట్టి చూస్తే, వాటి 4 ఆకారం, 0కీ 4కీ మధ్య ఖాళీ ఈ నాణెంతో కలవలేదు.

ఇంకొక్క సందేహం మిగిలింది. ఉలి గీతల మీద, పల్లంలో కూడా నాణెం మిగతా భాగంలో ఉన్నట్టే నల్లటి ఛాయ ఉంది. నల్లబడాలంటే ఏళ్లు పడుతుంది కదా, మరి ఇది పాత దెబ్బేనేమో అనిపించవచ్చు. దూది పుల్లకు స్వచ్ఛమైన అసిటోన్ అద్ది సంవత్సరం దగ్గర మెల్లగా అద్దాను, రుద్దలేదు. అసిటోన్ వెండిని ఏమీ చేయదు. వెండి గంధకంతో కలిసి సహజంగా పట్టిన నలుపునూ తీయదు. లక్క, రంగు, జిగురు లాంటివి పైన పూసి ఉంటే మాత్రం కరిగిస్తుంది. దూది నల్లగా అయింది. 4 చుట్టూ ఉన్న నలుపు పోయి, కింద ఉలి గీతలు తెల్లగా బయటపడ్డాయి. బొమ్మ వైపు అదే పరీక్ష చేస్తే దూది తెల్లగానే ఉంది. రాజు తల వెనక ఉన్న నలుపు కాలం ఇచ్చింది. సంవత్సరం చుట్టూ ఉన్నది మోసగాడు పూసింది.

నాకు ఇలాంటి నాణేలు చూసినప్పుడు కలిగే కోపం మామూలు నకిలీలు చూసినప్పుడు కలగదు. ఇత్తడి ముక్క మీద వెండి పూత పూస్తే పోయేది కొన్నవాళ్ల డబ్బు. ఇక్కడ నూట ఇరవై ఏళ్లు చెక్కు చెదరకుండా బతికిన ఒక నిజమైన నాణేన్ని పాడు చేశారు. 1901 రూబుల్ పెద్ద అరుదు కాకపోవచ్చు, కానీ దానికి తనదైన ఒక ఏడాది, ఒక అధికారి పేరు, ఎందరి చేతుల్లోనో తిరిగిన చరిత్ర ఉన్నాయి. ఇప్పుడది 1904 కాదు, పూర్తిగా 1901గానూ మిగల్లేదు.

వాళ్లకు చెప్పినవి

నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "మరి మెషీన్‌లో వెండి కరెక్టుగా వచ్చింది కదండీ?" వెండి కరెక్టే, దాని విలువ ఎక్కడికీ పోలేదు, లోపల 18 గ్రాముల దాకా స్వచ్ఛమైన వెండి ఉందని చెప్పాను. పాప మోసపోయిందని ఆమెను ఏమీ అనొద్దని కూడా చెప్పాను. ఈ పనితనం సంతలో నిలబడి కంటితో చూసి పట్టుకోగలిగేది కాదు.

కానీ అంచు చదవడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. రష్యన్ వచ్చిన ఆమెకైతే మరీ తేలిక. ఈసారి రూబుల్ నచ్చితే ముందు నాణేన్ని నిలబెట్టి, ఫోన్‌తో అంచు చుట్టూ నెమ్మదిగా వీడియో తీయమన్నాను. సంవత్సరానికీ అధికారి అక్షరాలకూ పొంతన ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. అంచు చూపించడానికి అమ్మేవాడు నసిగితే నాణెం అక్కడే పెట్టి వచ్చేయడం మేలు. సంవత్సరం ఎంత అరుదైనదైతే, ఆఖరి అంకెను అంత ఎక్కువసేపు పక్క లైటులో చూడాలి. కొత్తవాళ్లకు నేనిచ్చే సలహా, మొదట ఎక్కువగా కొట్టిన 1898 లాంటి అసలైన రూబుల్ ఒకటి నమ్మకమైన చోట కొని దగ్గర పెట్టుకోమని. చేతికి అలవాటైన ఒక అసలు నాణెం ముందు, చదివి గుర్తుపెట్టుకున్న కొలతలు తక్కువే.

ఆమెకు తెలియని ఇంకో సంగతి చట్టానిది. నూరేళ్లు దాటిన వస్తువులను రష్యా నుంచి బయటికి తీసుకురావాలంటే అక్కడి నిపుణుల పరీక్ష, సంస్కృతి మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి. నాణేలకూ అది వర్తిస్తుంది. విద్యార్థులు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చేస్తుంటారు. ఎయిర్‌పోర్టులో దొరికితే నాణెం పోవడమే కాదు, వీసా మీద చదువుకుంటున్న వాళ్లకు అది చాలా పెద్ద తలనొప్పి. అక్కడ కొన్నవి అక్కడే ఉంచుకుని, కాగితాలు వచ్చాకే తెచ్చుకోమని గట్టిగా చెప్పాను.

1913, 1787 నాణేలను మెత్తటి పీవీసీ కవర్ల నుంచి తీయించాను. ఆ ప్లాస్టిక్ కాలక్రమంలో నాణెం మీద పచ్చటి జిగురు వదులుతుంది. వాటికి మైలార్ అనే, అలాంటి జిగురు వదలని పారదర్శక ప్లాస్టిక్ ఉన్న అట్ట ఫ్రేములు ఇచ్చాను. 1825, 1898 ముక్కల మీద చెరగని ఇంకుతో 'కాపీ' అని రాసి చిన్న సంచిలో వేశాను. నాణేలు నేర్చుకునే స్నేహితులకు చూపించడానికి పనికొస్తాయని అమ్మాయే అడిగి తీసుకుంది.

అయిదో నాణేన్ని ఏం చేయాలన్న దాని మీద కాసేపు చర్చ జరిగింది. ఎవరైనా అడిగితే ఏమీ చెప్పకుండా అలాగే ఇచ్చేద్దామని నాన్నగారి పక్కనున్న బంధువు ఒకాయన అన్నారు. దానికి అమ్మాయే ఒప్పుకోలేదు. రిపోర్టూ ఫొటోలూ లేకుండా ఆ నాణెం ఇంకొకరి చేతికి వెళ్లకూడదని నేనూ అడిగాను, నాన్నగారు సరేనన్నారు. 4 మీద తీసిన మైక్రోస్కోప్ ఫొటోనూ, అంచు మీద జాలెమన్ అక్షరాల ఫొటోనూ ఒకే కాగితం మీద ప్రింట్ చేసి నాణెంతో కలిపి సీలు చేశాను. కవరు మీద రాసింది ఇది:

"రష్యా, రూబుల్, 1901, సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాల. వెండి 900, బరువు 19.87 గ్రాములు. అంచు మీద ఫెలిక్స్ జాలెమన్ పొడి అక్షరాలు. నాణెం అసలుది. సంవత్సరంలో ఆఖరి అంకెను 1 నుంచి 4గా ఉలితో మార్చారు, మార్చిన చోట రంగు పూశారు. 1904గా అమ్మరాదు."